డ్యూటీలో భోజన విరామం: చట్టం చూసుకోవడం నుంచి ఫిర్యాదు దాకా

పద్దెనిమిదేళ్లు నిండిన ఉద్యోగులకు భోజన విరామం ఇచ్చి తీరాలన్న నిబంధన అమెరికా ఫెడరల్ చట్టంలో, అంటే దేశమంతటికీ వర్తించే చట్టంలో, లేదంటే చాలామంది నమ్మరు. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ కనీస వేతనం గురించి, ఓవర్‌టైమ్ గురించి చెబుతుంది గానీ, పని ఆపి తినడానికి పంపాలని ఎక్కడా చెప్పదు. అదే దేశంలోని కాలిఫోర్నియాలో మాత్రం అయిదో గంట పూర్తయ్యేలోపు అరగంట ఇవ్వకపోతే యజమాని ఆ రోజుకు ఇంకో గంట జీతం కలిపి కట్టాలి. జపాన్‌లో విరామం షిఫ్ట్ మధ్యలోనే రావాలి. సౌదీ అరేబియాలో ఆ టైమ్‌లో పనిచోటు వదిలి వెళ్లొద్దని యజమాని పట్టుబట్టకూడదు.

అందుకే పక్క కంపెనీలో ఇస్తున్నారనో, వేరే దేశంలో ఉన్న తమ్ముడు చెప్పాడనో మన హక్కును తేల్చుకోలేం. అయితే ఏ దేశపు చట్టమైనా అడగాల్సిన ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒక మాట ముందే చెప్పేస్తాను. చాలామంది "ఎన్ని నిమిషాలు" అన్న దగ్గరే ఆగిపోతారు. కోర్టుల్లో నలిగింది ఎక్కువగా అది కాదు. ఆ నిమిషాల్లో మిమ్మల్ని నిజంగా వదిలేశారా, లేదా అన్నదే.

మొదటి మెట్టు: మీకు వర్తించే చట్టం ఏది

మీరు ఎక్కడ నిలబడి పనిచేస్తున్నారో ఆ చోటి చట్టమే సాధారణంగా వర్తిస్తుంది. కంపెనీ హెడ్ ఆఫీస్ ఎక్కడుంది, మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది అన్నది పెద్దగా లెక్కలోకి రాదు. అమెరికా లాంటి చోట దేశం ఒక్కటే సరిపోదు, రాష్ట్రం కూడా చూడాలి.

తర్వాత మీరు ఏ కోవలోకి వస్తారో చూడండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సింగపూర్ ఉపాధి చట్టంలో పనిగంటలు, విరామాల భాగం అందరికీ వర్తించదు. శారీరక శ్రమ చేసే కార్మికుల్లో నెల మూలవేతనం 4,500 సింగపూర్ డాలర్లు మించనివాళ్లకు, మిగతా ఉద్యోగుల్లో 2,600 డాలర్లు మించనివాళ్లకు మాత్రమే. మేనేజర్లు, ఎగ్జిక్యూటివ్‌లు అందులోకి రారు. కాలిఫోర్నియాలో కూడా నెలజీతం మీద మేనేజర్ స్థాయి పని చేసే 'ఎగ్జెంప్ట్' ఉద్యోగులకు భోజన విరామం రూల్ వర్తించదు. ఇక్కడో కిటుకు ఉంది: హోదా పేరు బట్టి కాదు, చేసే పని బట్టి తేలుస్తారు. విజిటింగ్ కార్డు మీద 'అసిస్టెంట్ మేనేజర్' అని ఉండి, రోజంతా బిల్లింగ్ కౌంటర్‌లోనే నిలబడుతుంటే, ఆ పేరు చూసి హక్కు వదులుకోనక్కర్లేదు. యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ల సంగతి ఇంతకంటే చిక్కు. వాళ్లను ఉద్యోగులుగా లెక్కిస్తారా, సొంతంగా పని చేసుకునేవాళ్లుగానా అన్నది తేలితే తప్ప విరామం దాకా రాలేం.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు చాలా దేశాల్లో వేరే రూల్ ఉంటుంది. బ్రిటన్‌లో పెద్దవాళ్లకు 6 గంటలు దాటితేనే 20 నిమిషాలు. చిన్నవాళ్లకైతే నాలుగున్నర గంటలు దాటగానే 30 నిమిషాలు.

చివరగా అపాయింట్‌మెంట్ లెటర్, యూనియన్ ఒప్పందం ఉంటే అదీ తీయండి. చట్టం చెప్పేది కనీసం మాత్రమే. ఒప్పందంలో గంట అని రాసి ఉంటే, "చట్టంలో అరగంటే కదా" అన్న వాదన నిలవదు.

రెండో మెట్టు: సెక్షన్‌లో నాలుగు సంగతులు వెతకండి

సెక్షన్ దొరికాక దాన్ని కథలా చదవొద్దు. ఎన్ని గంటల పనికి హక్కు పుడుతుంది, ఎంతసేపు ఇవ్వాలి, షిఫ్ట్‌లో ఎప్పుడు ఇవ్వాలి, ఆ టైమ్‌కు జీతం ఉందా. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి.

భారత్‌లో 1948 నాటి కర్మాగారాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వకుండా వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదని ఉండేది. అనుమతి ఉంటే దాన్ని 6 గంటల దాకా పొడిగించే వీలుండేది. 2025 నవంబర్ 21న ఆ చట్టంతో సహా పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ రోజుకు 8 గంటలు అని తనే చెప్పింది గానీ, మధ్యలో విరామం ఎంత అన్నది సంబంధిత ప్రభుత్వ నోటిఫికేషన్‌కు వదిలేసింది. కాబట్టి కోడ్ ఒక్కటే తిరగేసి "విరామం మాటే లేదు" అని నిరాశపడొద్దు. మీ రాష్ట్రం ఇచ్చిన నోటిఫికేషన్ చూడాలి. దుకాణాలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లయితే రాష్ట్ర షాపుల చట్టం కూడా చూడాలి.

యూఏఈలో 2021 నాటి 33వ నంబర్ ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం వరసగా 5 గంటలకు మించి పని ఉండకూడదు, విరామాలు మొత్తం గంటకు తగ్గకూడదు, ఆ గంట పనివేళల్లోకి రాదు. సౌదీలోనూ 5 గంటలే హద్దు, విరామం అరగంటకు తగ్గకూడదు, అది విశ్రాంతికి, ప్రార్థనకు, భోజనానికి కలిపి. వేసవిలో ఎండన పడి చేసే పనులను మధ్యాహ్నం ఆపాలన్న గల్ఫ్ నిబంధన దీంతో కలిసిపోదు. అది ఎండ దెబ్బ నుంచి కాపాడడానికి పెట్టింది, భోజన విరామానికి లెక్క వేరు.

జపాన్‌లో పని 6 గంటలు దాటితే 45 నిమిషాలు, 8 గంటలు దాటితే గంట. ఇక్కడ 'దాటితే' అన్న మాట గట్టిగా పట్టుకోండి. సరిగ్గా 8 గంటల షిఫ్ట్‌కు 45 నిమిషాలు చాలు, ఒక్క నిమిషం ఓవర్‌టైమ్ పడితే గంట ఇవ్వాలి. కొరియాలో 4 గంటలకు 30 నిమిషాలు, 8 గంటలకు గంట. జర్మనీలో 6 గంటలు దాటితే 30 నిమిషాలు, 9 గంటలు దాటితే 45. దాన్ని ముక్కలు చేయొచ్చు, కానీ ఒక్కో ముక్క పావుగంటకు తగ్గకూడదు. అయిదేసి నిమిషాల టీ బ్రేకులన్నీ కూడి లంచ్ లెక్కలో వేస్తే అక్కడ కుదరదు.

'ఎప్పుడు' అన్న ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. న్యూయార్క్ చట్టం గడియారం పెట్టి మరీ చెబుతుంది. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య సమయాన్ని కలుపుకొని 6 గంటలు మించిన షిఫ్ట్ ఉంటే ఆ నడిమధ్యే అరగంట ఇవ్వాలి, ఫ్యాక్టరీ కార్మికులకైతే గంట. కాలిఫోర్నియాలో అయిదో గంట ముగిసేలోపు మొదటిది మొదలవ్వాలి. రోజు పని 10 గంటలు దాటితే పదో గంట ముగిసేలోపు రెండోది. పొద్దున 8కి డ్యూటీ ఎక్కి 1.20కి భోజనానికి వెళ్తే, పూర్తి అరగంట తిన్నా సరే అక్కడ అది ఉల్లంఘనే.

బ్రిటన్‌లో 2016లో అప్పీల్ ట్రిబ్యునల్‌కు వచ్చిన ఒక తగాదా ఈ 'ఎప్పుడు' అన్నదాన్ని బాగా చూపిస్తుంది. బస్సు సర్వీసుల రాకపోకలు గమనించే ఉద్యోగం. ఎనిమిదిన్నర గంటల డ్యూటీ, అందులో అరగంట భోజనానికి. కానీ పని ఒత్తిడి వల్ల ఆ అరగంట దొరకడం కష్టంగా ఉండేది. యాజమాన్యం ఓ ఉపాయం ఆలోచించింది: ఆపకుండా 8 గంటలు చేసేయండి, అరగంట ముందే ఇంటికి వెళ్లిపోండి. పైకి చూస్తే లాభంలాగే ఉంది కదా! ఇలాంటి బేరం చాలాచోట్ల సంతోషంగా ఒప్పేసుకుంటారు కూడా. కానీ ట్రిబ్యునల్ చెప్పిందేమిటంటే, ఉద్యోగి అడిగాడా, మీరు కాదన్నారా అన్నది కాదు, విరామం తీసుకునే వీలు లేకుండా పనిని అమర్చడమే దాన్ని నిరాకరించడం కిందికి రావచ్చని.

మూడో మెట్టు: మీకు దొరికేది నిజమైన విరామమేనా

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 30వ నంబర్ ఒప్పందం పనివేళలను ఇలా నిర్వచించింది: ఉద్యోగి యజమాని అందుబాటులో ఉండాల్సిన సమయం పనివేళ, అలా ఉండనక్కర్లేని విశ్రాంతి సమయం అందులోకి రాదు. దాదాపు వందేళ్ల తర్వాత కూడా గొడవంతా ఈ వాక్యం చుట్టూనే తిరుగుతోంది.

అసలు ఇంకా వెనక్కి వెళ్తే, 1844లో బ్రిటన్ తెచ్చిన ఫ్యాక్టరీ చట్టంలో చిన్నవాళ్లకు, ఆడవాళ్లకు సంబంధించి ఓ ముచ్చటైన నిబంధన ఉంది. భోజనవేళ వాళ్లను యంత్రాలు నడుస్తున్న గదిలోనే ఉంచకూడదు. ఎందుకంటే మర పక్కన కూర్చుని తింటే తెగిన దారం ముడేయమంటారు, ఊడ్చేయమంటారు. టైమ్ కూడా ఫ్యాక్టరీ గడియారం ప్రకారం కాదు, ఊళ్లో అందరికీ కనిపించే గడియారం ప్రకారం లెక్కించాలన్నారు. యజమాని గడియారం ఎప్పుడు ఎటు జరుగుతుందో చట్టం రాసినవాళ్లకు బాగానే తెలుసు!

ఇప్పుడు మర బదులు ఫోన్ వచ్చింది, అంతే తేడా. అమెరికా ఫెడరల్ నిబంధనలు ఈ సంగతి సూటిగా చెబుతాయి: డెస్క్ దగ్గరే కూర్చుని తినమన్న ఆఫీసు ఉద్యోగి, మర దగ్గరే ఉండమన్న ఫ్యాక్టరీ కార్మికుడు తింటూ పనిచేస్తున్నట్టే లెక్క. అంటే విరామం ఇవ్వాలని ఫెడరల్ చట్టం బలవంతం చేయకపోయినా, ఇచ్చామని చెప్పి జీతం కోస్తే మాత్రం పూర్తిగా వదిలేయాల్సిందే. మామూలుగా 30 నిమిషాలు అంతకు మించి ఉండి, పని ఏదీ అంటగట్టకపోతేనే అది జీతం లేని భోజన విరామం. 5 నుంచి 20 నిమిషాల చిన్న బ్రేకులకు జీతం ఇవ్వాలి.

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ సెక్యూరిటీ గార్డులకు పది నిమిషాల విశ్రాంతి విరామం ఇచ్చేవారు గానీ, రేడియో, పేజర్ ఆన్‌లోనే ఉంచుకోవాలి, అవసరమొస్తే లేచి వెళ్లాలి. పిలుపు రాని రోజు కూడా పిలుపు కోసం చెవి అటే వేసి ఉంచాలి కదా, అది విశ్రాంతి ఎలా అవుతుందన్నది ప్రశ్న. 2016లో కోర్టు గార్డుల పక్షాన తీర్పిచ్చింది. దాదాపు 9 కోట్ల డాలర్ల చెల్లింపు ఆదేశం మళ్లీ నిలిచింది. 2021 సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ కోర్టు తీర్పిచ్చిన, చెక్ రాజధాని ప్రాగ్ నుంచి వచ్చిన కేసూ అలాంటిదే. రవాణా సంస్థలో ఫైర్‌మన్‌కు అరగంట విరామం ఉంది, కానీ కబురొస్తే రెండు నిమిషాల్లో బయల్దేరాలి. ఇంత కట్టడి ఉన్నప్పుడు ఉద్యోగి ఆ టైమ్‌ను తనకు తోచినట్టు వాడుకునే వీలు గట్టిగా దెబ్బతింటే అది పనివేళే అని కోర్టు చెప్పింది.

మీ విషయంలో తేల్చుకోవడానికి ఇవి అడిగి చూసుకోండి: ఫోన్ ఆఫ్ చేసి ఉంచితే ఎవరైనా తిడతారా? మీ బదులు సీట్లో ఎవరైనా కూర్చుంటున్నారా, లేక పని అలా పేరుకుపోతోందా? గేటు దాటి వెళ్లొచ్చా? చివరి ప్రశ్నకు మాత్రం జవాబు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం ఆవరణ దాటనివ్వకపోయినా, మిగతా అన్ని విధాలా వదిలేస్తే చాలు. బ్రిటన్‌లో మీ సీటుకు దూరంగా గడిపే హక్కు ఉంది. కాలిఫోర్నియాలో, సౌదీలో బయటికి వెళ్లనివ్వాలి.

రెండో వైపు కూడా చెప్పాలి. కాలిఫోర్నియా సుప్రీంకోర్టే 2012లో, యజమాని ఉద్యోగిని పని నుంచి పూర్తిగా వదిలేస్తే చాలు, వెనక నిలబడి తింటున్నాడా లేదా అని కాపలా కాయనక్కర్లేదని చెప్పింది. హాయిగా వదిలేసినా మీ అంతట మీరే మెయిల్స్ చూసుకుంటూ కూర్చుంటే, విరామం ఇవ్వలేదన్న వాదన బలహీనపడుతుంది. "అందరూ డెస్క్ దగ్గరే తింటారు" అన్న అలవాటు వెనక ఆర్డర్ ఉందా, మొహమాటం ఉందా అన్నది తేలాలి. కనీసం ఒక్కసారైనా లేచి వెళ్లి చూడండి, ఏమంటారో తెలుస్తుంది.

మినహాయింపులు ఇక్కడే చూసుకోవాలి. ఒంటరిగా కాపలా కాసేవాళ్లు, అత్యవసర విభాగాలు, ఆపితే చెడిపోయే ప్రక్రియల దగ్గర ఉండేవాళ్లకు చాలా చట్టాలు సడలింపు ఇస్తాయి. కానీ ఊరికే ఇవ్వవు. కాలిఫోర్నియాలో డ్యూటీలో ఉంటూనే తినే పద్ధతికి పని స్వభావమే అలాంటిదై ఉండాలి, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, జీతం ఇవ్వాలి, ఉద్యోగి ఆ ఒప్పందాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. సింగపూర్‌లో ఆపకుండా చేయాల్సిన పనైతే 8 గంటల దాకా సాగవచ్చు గానీ, తినడానికి మొత్తం 45 నిమిషాలకు తగ్గకుండా ఇవ్వాలి. "స్టాఫ్ తక్కువ" అన్నది మాత్రం మినహాయింపు కాదు, అది యజమాని సర్దుకోవాల్సిన విషయం. లారీ, బస్సు డ్రైవర్లకు వేరే నిబంధనలు ఉంటాయి. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలి, కావాలంటే ముందు 15, తర్వాత 30గా.

నాలుగో మెట్టు: పంచింగ్, జీతం స్లిప్ పక్కపక్కన పెట్టండి

చాలా కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ రోజూ అరగంట దానంతట అదే కోసేస్తుంది, మీరు తిన్నా తినకపోయినా. నెలకు 22 రోజులు పనిచేస్తే 11 గంటలు. ఏడాదికి 132 గంటలు. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఓవర్‌టైమ్ ఉన్న చోట, అప్పటికే 40 గంటలు నిండినవాళ్లకు వారంలో పోయిన రెండున్నర గంటలు మూడు గంటల 45 నిమిషాల జీతంతో సమానం. ఊరికే వదిలేసేంత చిన్న మొత్తం కాదు.

ఇంకోటి రౌండింగ్. కాలిఫోర్నియాలో 2021లో తీర్పు వచ్చిన కేసులో పంచింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌ను దగ్గరి పది నిమిషాలకు సవరించేది. 11.02కి వెళ్లి 11.25కి వస్తే 11.00 నుంచి 11.30 అని ఎక్కుతుంది. ఇరవై మూడు నిమిషాలు కాస్తా కాగితం మీద అరగంట అయిపోయింది. భోజన విరామాల విషయంలో ఇలా సవరించడానికి వీల్లేదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. పైగా రికార్డులో విరామం తక్కువగానో, ఆలస్యంగానో, లేకుండానో కనిపిస్తే ఉల్లంఘన జరిగిందనే ముందు అనుకుంటారు, కాదని చూపించాల్సింది యజమానే. కాబట్టి మీరు అడగాల్సింది స్లిప్ కాదు, అసలు పంచ్ టైమ్‌లు.

అయిదో మెట్టు: మీ సొంత లెక్క రాసుకోండి

ఆ రోజుదారోజు రాసిందానికి ఉన్న విలువ, ఆర్నెల్ల తర్వాత గుర్తు చేసుకుని రాసిందానికి ఉండదు. చిన్న నోట్‌బుక్ చాలు. ఇలా ఉండాలి:

"డ్యూటీ 8.00. భోజనానికి 12.40కి కూర్చున్నాను. 12.52కి సూపర్‌వైజర్ ఫోన్, కౌంటర్‌కు రమ్మన్నారు. 1.05 దాకా కస్టమర్‌తో. మళ్లీ కూర్చోలేదు. డ్యూటీ దిగింది 5.10."

"ఈరోజు కూడా లంచ్ లేదు, మహా విసుగు" అని రాస్తే కోపం తీరుతుందేమో గానీ పనికిరాదు. ఎవరు పిలిచారు, ఎన్నింటికి, ఎంతసేపు అన్నవే కావాలి. విరామం సరిగ్గా దొరికిన రోజులూ రాయండి. నెలంతా ఒక్కరోజు కూడా దొరకలేదన్న లెక్క కంటే, ఏయే రోజు దొరికిందో కూడా ఉన్న లెక్కను అధికారి త్వరగా నమ్ముతాడు. పిలుపు వాట్సాప్‌లో వస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి. కంపెనీ రహస్యాలు, కస్టమర్ల వివరాలు మాత్రం మీ ఫోన్‌లోకి ఎక్కించుకోవద్దు, అది తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది.

ఆరో మెట్టు: నోటితో ఒకసారి, తర్వాత రాతలో

మొదట సూపర్‌వైజర్‌తో మామూలుగా మాట్లాడండి. చాలాసార్లు రోస్టర్ వేసేవాళ్లకు ఆ టైమ్‌లో సీట్లో ఎవరూ లేరన్న ధ్యాసే ఉండదు. వారం చూసి మార్పు లేకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్. ఆరోపణలతో మొదలుపెట్టొద్దు, అడగాల్సింది అడగండి:

"గత నాలుగు వారాల్లో ఈ కింది తేదీల్లో నాకు భోజన విరామం దొరకలేదు, లేదా మధ్యలో పనికి పిలిచారు. ఆ రోజుల్లో కూడా జీతంలో 30 నిమిషాలు తగ్గించారు. ఫలానా చట్టం ఫలానా సెక్షన్ ప్రకారం నాకు విరామం రావాలి. ఆ సమయంలో నా సీటు ఎవరు చూసుకుంటారో తెలియజేయగలరు. తగ్గించిన మొత్తం వచ్చే జీతంలో సరిచేయగలరు."

సెక్షన్ నంబర్ రాయడం, జవాబు ఫలానా తేదీలోగా కావాలనడం ముఖ్యం. ఇద్దరు ముగ్గురు కలిసి సంతకం చేస్తే ఇంకా మంచిది. ఒంటరిగా అడిగినవాడికి "నీకొక్కడికే ప్రాబ్లమా" అన్న మాట ఎదురవుతుంది.

ఏడో మెట్టు: బయట ఫిర్యాదు

భారత్‌లో రాష్ట్ర కార్మిక శాఖ, ఫ్యాక్టరీ అయితే ఫ్యాక్టరీల శాఖ. యూఏఈలో మానవ వనరులు, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖ. కాలిఫోర్నియాలో లేబర్ కమిషనర్. బ్రిటన్‌లో ముందు ఏకాస్ అనే, ఉద్యోగ తగాదాల్లో రాజీ కుదిర్చే సంస్థ దగ్గర రాజీ ప్రయత్నం నమోదు చేసుకుని ఆ తర్వాతే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. యూనియన్ ఉంటే ఈ దారి వాళ్లకు కొట్టినపిండి, ముందు వాళ్లనే కలవండి.

గడువు ముందే కనుక్కోండి. కాలిఫోర్నియాలో ఆ అదనపు గంట జీతం అడగడానికి 3 ఏళ్లు ఉంది. బ్రిటన్‌లో లెక్క నెలల్లోనే. హెచ్‌ఆర్ జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు దాటబెట్టుకున్నవాళ్లకు తర్వాత ఏ వాదనా అక్కరకు రాదు.

అడిగినందుకు షిఫ్ట్ మార్చడం, పనిగంటలు తగ్గించడం, తీసేస్తామని బెదిరించడం చాలా దేశాల్లో విడిగా తప్పే. అది జరిగితే దాన్ని కూడా అదే నోట్‌బుక్‌లో తేదీతో రాయండి. వీసా యజమాని చేతిలో ఉన్నవాళ్లకు ఈ భయం ఎక్కువ, అది ఉత్త భయమూ కాదు. అలాంటివాళ్లు ఫిర్యాదుకు ముందే అక్కడి లేబర్ లాయర్‌నో, యూనియన్‌నో, కార్మికుల సాయం చూసే సంస్థనో ఒకసారి కలవడం మేలు. ఉద్యోగం మానేసే ఆలోచనలో ఉంటే రాజీనామా ఇవ్వకముందే మీ పంచింగ్ రికార్డులు, జీతం స్లిప్‌లు, రోస్టర్లు, మీరు పంపిన మెయిల్స్ కాపీలు తీసి పెట్టుకోండి. లాగిన్ మూసేశాక వాటిని మళ్లీ సంపాదించడానికి అర్జీ పెట్టి వారాల తరబడి తిరగాల్సి రావచ్చు.